వేకువ సైకిలుకు ఇంధనం రాత్రి కంచంలోనే
టీ నీళ్లతో బయలుదేరితే మధ్యదారిలో నీరసం * గంట దాటే ప్రయాణానికి ఆహారం తప్పనిసరి * మాత్రలు వాడే మధుమేహులకు మరింత జాగ్రత్త అవసరం

తెనాలి: తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు ఊరింకా నిద్రలోనే ఉంటుంది. అప్పటికే రహదారిపై సైకిళ్లు కదలడం మొదలవుతుంది. పత్రికల కట్టలు కట్టుకున్న కుర్రాళ్లు, పాలక్యాన్లు తగిలించుకున్న పాలవారు, ఆకుకూరల మూటలతో రైతుబజారుకు వెళ్లే రైతులు, ట్యూషన్లకు వెళ్లే విద్యార్థులు ఒకవైపు కనిపిస్తారు. వైద్యుల సలహాపై సైకిలెక్కిన మధ్యవయస్కులు, ఆరోగ్యం కోసం రోజూ పదీ ఇరవై కిలోమీటర్లు తొక్కే ఉద్యోగులు మరోవైపు తారసపడతారు. గ్రామాల్లో మోటారు వాహనాలు ఎంత పెరిగినా వేకువ వేళ సైకిలు మాత్రం కనుమరుగు కాలేదు.

బతుకుతెరువు కోసం తొక్కేవారిలోనూ, ఆరోగ్యం కోసం తొక్కేవారిలోనూ తరచుగా కనిపించే లోపం ఒకటే. ఒక గ్లాసు టీ తాగి ఖాళీ కడుపుతో బయలుదేరడం. రాత్రి ఎనిమిది గంటలకు భోజనం చేసిన వ్యక్తి ఉదయం తొమ్మిది గంటల వరకు ఏమీ తినకపోతే పదమూడు గంటలపాటు కడుపు ఖాళీగా ఉన్నట్లే. అందులో చివరి నాలుగైదు గంటలు శారీరక శ్రమలోనే గడుస్తాయి. కళ్లు తిరగడం, కాళ్లు వణకడం, చిరాకు, ఏకాగ్రత తప్పడం వంటి ఇబ్బందులకు ఇదే మూలం. లారీలు, బస్సులు వేగంగా వెళ్లే రహదారిపై, చీకటి పూర్తిగా విడవని వేళలో ఒక్క క్షణం తూలినా ప్రమాదమే.

దీనికి ఖరీదైన పొడులు, డబ్బా పానీయాలు అవసరం లేదు. ఎంతసేపు తొక్కుతున్నామన్న లెక్క, దానికి తగిన సమయంలో తగినంత ఆహారం ఉంటే చాలు. అవసరమైన పదార్థాలన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి.

శరీరంలో నిల్వ ఎంత?

సైకిలు తొక్కేటప్పుడు శరీరం ప్రధానంగా రెండు ఇంధనాలను వాడుకుంటుంది. ఒకటి కొవ్వు, రెండోది పిండిపదార్థాల నుంచి వచ్చే గ్లూకోజు. గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. పెద్దవారిలో కాలేయంలో దాదాపు 80 నుంచి 100 గ్రాములు, కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల వరకు ఇది నిల్వ ఉంటుంది. మెదడుకు రాత్రంతా గ్లూకోజు అందించేది కాలేయంలోని నిల్వే. అందుకే తెల్లవారేసరికి ఆ నిల్వ చాలావరకు తరిగిపోతుంది. కండరాల్లోని నిల్వ మాత్రం నిద్రలో పెద్దగా తగ్గదు.

ఖాళీ కడుపుతో బయలుదేరినా మొదటి అరగంట, గంట హుషారుగానే ఉండటానికి కారణం ఇదే. కండరాల్లోని నిల్వ ఆ కాస్త సమయాన్ని నడిపించేస్తుంది. ఆ తర్వాత రక్తంలో చక్కెర తగ్గడం మొదలైతే కాళ్లలో సత్తువ ఉన్నా మెదడు మొరాయిస్తుంది.

60 కిలోల బరువున్న వ్యక్తి గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో తొక్కితే గంటకు సుమారు 400 కేలరీలు ఖర్చవుతాయి. నిదానంగా తొక్కితే ఖర్చు తగ్గుతుంది. వెనుక పాలక్యాన్లు, కూరగాయల మూటలు ఉంటే, ఎదురుగాలి వీస్తే, వంతెనల ఎత్తు ఎక్కాల్సి వస్తే పెరుగుతుంది. బరువు మోసే పాలవాని అవసరం, అంతే దూరం ఖాళీ సైకిలుపై వెళ్లే ఉద్యోగి అవసరం కంటే ఎక్కువని గుర్తించాలి.

రాత్రి భోజనమే తొలి అల్పాహారం

నాలుగున్నరకు బయలుదేరేవారు రెండు గంటల ముందు లేచి అల్పాహారం తీసుకోవడం కుదిరే పని కాదు. కాబట్టి వేకువ ప్రయాణానికి తయారీ ముందురోజు రాత్రి భోజనంతోనే మొదలవుతుంది. అన్నం లేదా చపాతీ, పప్పు, కూర, పెరుగు ఉన్న మామూలు భోజనం సరిపోతుంది. రాత్రి అన్నం మానేసి, తెల్లవారి ఖాళీ కడుపుతో దూరం తొక్కడం రెండు విధాలా నష్టం.

నిద్రకు రెండు గంటల ముందే భోజనం ముగించడం మంచిది. నూనె వేపుళ్లు, మసాలా మాంసాహారం ఆలస్యంగా తింటే తెల్లవారినా అరగవు. ముందుకు వంగి తొక్కేటప్పుడు గుండెల్లో మంట, పులి త్రేన్పులు ఇబ్బంది పెడతాయి. మద్యం తాగిన మర్నాటి ఉదయం శరీరంలో నీరు తగ్గి ఉంటుంది, రక్తంలో చక్కెర పడిపోయే అవకాశమూ ఎక్కువ. అలాంటి రోజు దూర ప్రయాణం పెట్టుకోకపోవడమే క్షేమం.

బయలుదేరే ముందు ఏం తినాలి?

దీనికి సమాధానం ప్రయాణ సమయాన్ని బట్టి మారుతుంది.

అరగంట నుంచి ముప్పావు గంట: ఆరోగ్యవంతులు ఒక గ్లాసు నీళ్లు తాగి బయలుదేరవచ్చు. ప్రత్యేకంగా తినాల్సిన అవసరం లేదు.

గంట నుంచి గంటన్నర: బయలుదేరడానికి పావుగంట, అరగంట ముందు సుమారు 30 గ్రాముల పిండిపదార్థాలు అందేలా తేలికగా తినాలి.

రెండు గంటలు, అంతకు మించి: వీలైతే గంట ముందు కిలో శరీర బరువుకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థాలు తీసుకోవాలి. 60 కిలోల వ్యక్తికి ఇది 60 గ్రాములు. అంత ముందుగా లేవలేనివారు 30 గ్రాములు ఇంట్లో తిని, మిగిలింది దారిలో తినేలా వెంట తీసుకెళ్లాలి.

కొవ్వు తగ్గించుకోవడానికి ఖాళీ కడుపుతో తొక్కడమే మంచిదన్న అభిప్రాయం కొందరిలో ఉంది. ఏమీ తినకుండా తొక్కితే ఆ గంటలో కొవ్వు వాడకం కొంత పెరిగే మాట నిజమే. అయితే బరువు తగ్గడమన్నది రోజు మొత్తంలో తిన్నదానికీ, ఖర్చు చేసినదానికీ ఉన్న తేడాపై ఆధారపడుతుంది. ఖాళీ కడుపుతో తొక్కి, ఇంటికొచ్చాక ఆకలికి తాళలేక పూరీలు, బజ్జీలు అధికంగా తింటే ఫలితం శూన్యం.

30 గ్రాముల లెక్క

పోషకాహార పట్టికలు అందరికీ అందుబాటులో ఉండవు. కింద పేర్కొన్న వాటిలో ఏ ఒక్కటి తీసుకున్నా దాదాపు 30 గ్రాముల పిండిపదార్థాలు అందుతాయి.

* ఒక పెద్ద అరటిపండు లేదా రెండు చిన్న చక్కెరకేళి పండ్లు
* మధ్యస్థ పరిమాణంలో ఉన్న మూడు ఇడ్లీలు
* సుమారు 110 గ్రాముల వండిన అన్నం
* 40 గ్రాముల అటుకులు
* 30 గ్రాముల రాగిపిండితో కాచిన జావ, అందులో 12 గ్రాముల బెల్లం
* చిన్న నిమ్మకాయంత బెల్లం ముక్క
* పరిమాణాన్ని బట్టి ఐదారు ఎండు ఖర్జూరాలు
* 60 గ్రాముల పల్లీపట్టీ

వీటిలో అరటిపండు, బెల్లం, ఇడ్లీ త్వరగా అరుగుతాయి. బయలుదేరే ముందు ఇవి అనువైనవి. పల్లీపట్టీలో వేరుసెనగ నూనె ఉండటం వల్ల నెమ్మదిగా అరుగుతుంది. ఇది నిదానంగా సాగే దూర ప్రయాణంలో మధ్యలో తినడానికి బాగుంటుంది. గారెలు, పూరీలు, మసాలా దోసె ప్రయాణానికి ముందు పనికిరావు.

చద్దన్నం, రాగిజావ

పొలానికి వెళ్లే రైతు పూర్వం చద్దన్నం తిని బయలుదేరడం వెనుక మంచి లెక్కే ఉంది. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నంలో మజ్జిగ, ఉప్పు కలిపి ఉల్లిపాయ నంజుకుంటే పిండిపదార్థాలు, నీరు, ఉప్పు ఒకేసారి అందుతాయి. వేకువన పొయ్యి వెలిగించాల్సిన పనీ ఉండదు. పత్రికలు వేసే కుర్రాళ్లకు, పాలవారికి ఇంతకంటే చౌకైన, సులువైన ఆహారం లేదు. అయితే వేసవిలో అన్నం త్వరగా పాడవుతుంది. జిగురు సాగినా, దుర్వాసన వచ్చినా పారేయాలి. పాడైన అన్నంలో సూక్ష్మక్రిములు విడుదల చేసే కొన్ని విషపదార్థాలు మళ్లీ వేడి చేసినా నశించవు.

రాగుల విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. జావను రాత్రే కాచి, చల్లారాక మూతపెట్టి, శీతల పెట్టె ఉంటే అందులో ఉంచుకుని ఉదయం మజ్జిగ కలిపి తాగవచ్చు. పీచు ఎక్కువ కనుక అలవాటు లేనివారు మొదటిరోజే పెద్ద గ్లాసుతో తాగరాదు. అరగ్లాసుతో మొదలుపెట్టాలి.

టీ, కాఫీ మాటేమిటి?

టీ తాగడం తప్పు కాదు. అందులోని కెఫీన్ మగత పోగొట్టి చురుకుదనాన్ని ఇస్తుంది. అయితే అది ఆహారానికి ప్రత్యామ్నాయం కాదు. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో పది గ్రాముల వరకే చక్కెర ఉంటుంది, దాంతో గంటల తరబడి తొక్కలేం. టీతోపాటు ఒక అరటిపండు తింటే అదే టీ ప్రయోజనకరంగా మారుతుంది. ఖాళీ కడుపున టీ వల్ల కడుపులో మంట వచ్చేవారు ముందు ఏదైనా తిన్నాకే తాగాలి.

దారిలో...

గంటలోపు ప్రయాణానికి దారిలో తినాల్సిన పనిలేదు. గంట దాటి రెండున్నర గంటల వరకు సాగే ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవాలని క్రీడా పోషకాహార మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఆకలి వేసేదాకా ఆగరాదు. మొదటి 40 నిమిషాలు దాటగానే కొంచెం, ఆపై ప్రతి అరగంటకు కొంచెం చొప్పున తినాలి. ఒకేసారి ఎక్కువ తింటే కడుపు బరువెక్కుతుంది. సైకిలు రోడ్డు పక్కన ఆపి తినడం అన్నివిధాలా శ్రేయస్కరం.

పాలు పోసే ఇంటి దగ్గర, పత్రిక వేసే వీధి చివర ఎలాగూ క్షణం ఆగక తప్పదు. చొక్కా జేబులో నాలుగు ఖర్జూరాలో, కాగితంలో చుట్టిన బెల్లం ముక్కో ఉంటే ఆ క్షణమే చాలు.

నీరు, ఉప్పు

లేవగానే ఒక గ్లాసు నీళ్లు తాగడం అందరికీ మంచిది. దారిలో గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్లు సరిపోతాయి. చలికాలంలో తక్కువ, వేసవిలో ఎక్కువ. కోస్తా జిల్లాల్లో వేసవిలో ఐదున్నర ప్రాంతానికే సూర్యుడు ఉదయిస్తాడు. గాలిలో తేమ అధికంగా ఉండటంతో చెమట ఆరక శరీరం చల్లబడదు. ఈ ప్రాంతంలో ఉదయం వేళ కూడా నీరసం రావడానికి అదొక కారణం.

ఎవరికి ఎంత నీరు అవసరమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలో బరువు దాదాపు లీటరు చెమటకు సమానం. దారిలో తాగిన నీటిని దానికి కలుపుకోవాలి. శరీర బరువులో 2 శాతానికి మించి తగ్గితే తాగిన నీరు చాలలేదని అర్థం. బరువు పెరిగితే అవసరానికి మించి తాగినట్లు. ఉప్పు లేకుండా అతిగా నీళ్లు తాగడం వల్ల రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.

గంట దాటే ప్రయాణానికి ఇంట్లోనే పానీయం తయారు చేసుకోవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 60 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలిపితే చాలు. చక్కెర ఇంతకు మించితే కడుపులో నీరు నిలిచి వికారం కలుగుతుంది. కొబ్బరినీళ్లు మంచివే. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం కనుక ఉప్పు వేసిన మజ్జిగ కూడా తీసుకోవాలి. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు, కొబ్బరినీళ్లు, అరటిపండ్ల విషయంలో వైద్యుని సలహా పాటించాలి.

తిరిగి వచ్చాక

ప్రయాణం ముగిశాక గంటలోపు అల్పాహారం తీసుకోవడం ఉత్తమం. ఖాళీ అయిన గ్లైకోజెన్ నిల్వలకు పిండిపదార్థాలు, అలసిన కండరాలకు మాంసకృత్తులు అవసరం. 60 కిలోల వ్యక్తికి 60 గ్రాముల పిండిపదార్థాలు, 15 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు అందితే చాలు.

ఉప్మాతో కలిపి తినే పెసరట్టు ఇందుకు చక్కగా సరిపోతుంది. 60 గ్రాముల పెసలతో వేసిన అట్లలో సుమారు 14 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రెండు కోడిగుడ్లు, ఒక గ్లాసు పాలు కలిపితే 20 గ్రాములు వస్తాయి. నాలుగైదు ఇడ్లీలు, గట్టి పప్పుతో చేసిన సాంబారు, ఒక గుడ్డు తీసుకున్నా సరిపోతుంది. పాలు అమ్మే ఇంట్లోనే పిల్లలకు గ్లాసు పాలు మిగలని పరిస్థితి ఉంటే, ఉడికించిన సెనగలు, వేరుసెనగలు ఆ లోటును చాలావరకు తీరుస్తాయి.

ఉదయం సైకిలు తొక్కి నేరుగా బడికి, కళాశాలకు వెళ్లే పిల్లల విషయంలో తల్లిదండ్రులు ప్రత్యేక శ్రద్ధ చూపాలి. ఎదిగే వయసులో శ్రమకు తోడు ఎదుగుదలకూ ఆహారం కావాలి. అల్పాహారం లేకుండా తరగతిలో కూర్చున్న విద్యార్థికి పాఠం బుర్రకెక్కదు.

మధుమేహులకు హెచ్చరిక

సైకిలు తొక్కడం మధుమేహులకు మేలు చేస్తుంది. అయితే ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ముప్పు తక్కువ. తాము వాడే మాత్ర ఏ కోవకు చెందినదో వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

* బయలుదేరే ముందు గ్లూకోమీటరుతో పరీక్షించుకోవాలి. ఇన్సులిన్, పై మాత్రలు వాడేవారికి డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థాలు తిన్నాకే కదలాలి.
* 250 దాటి, ఒంట్లో నలతగా ఉంటే ఆ రోజు తొక్కరాదు. వైద్యుణ్ని సంప్రదించాలి.
* తొక్కబోయే ముందు తొడకు ఇన్సులిన్ తీసుకోరాదు. శ్రమించే కండరం వద్ద మందు వేగంగా రక్తంలో కలుస్తుంది.
* జేబులో గ్లూకోజు లేదా చక్కెర పొట్లం, మందుల వివరాలు రాసిన చీటీ ఉండాలి.
* సొంతంగా మందు మోతాదు తగ్గించడం, మానేయడం తగదు.

చల్లని చెమట, వణుకు, గుండెదడ, చూపు మసకబారడం కనిపిస్తే వెంటనే సైకిలు దిగాలి. మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీటిలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి. 70 కంటే తక్కువ ఉంటే మరోసారి తీసుకోవాలి. స్పృహ తప్పిన వ్యక్తి నోట్లో నీళ్లు గానీ, చక్కెర గానీ పోయరాదు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

తిన్నా నీరసమేనా?

సరిగ్గా తింటున్నా ఆయాసం, అలసట తగ్గకపోతే రక్తహీనత ఉందేమో చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. పూలు, ఆకుకూరలు అమ్మే మహిళలు, సైకిలుపై బడికి వెళ్లే బాలికలు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం అవసరం. భోజనంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. భోజనానికి, టీకి మధ్య గంట వ్యవధి ఉంచి, ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఉపవాస దినాల్లో...

కార్తిక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ మాసంలో ఉపవాసం ఉండేవారు దూరాన్ని, వేగాన్ని తగ్గించుకోవాలి. రంజాన్‌లో సహరీ ముగించాక తొక్కేవారు పగలంతా నీళ్లు తాగే వీలుండదని గుర్తుంచుకుని ఎండెక్కకముందే తిరిగి రావాలి. ఆరోగ్యం కోసం తొక్కేవారు ఆ రోజుల్లో ఇఫ్తార్ తర్వాత సాయంత్రానికి మార్చుకోవచ్చు.

దూర ప్రయాణికుల లెక్క వేరు

హైదరాబాద్‌లో బాహ్యవలయ రహదారి వెంట 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌరపలకల సైకిల్ బాట వచ్చాక నగరంలో వేకువ ప్రయాణాలకు కొత్త వసతి ఏర్పడింది. అక్కడితో ఆగక, 'బ్రెవే' పేరిట జరిగే సుదీర్ఘ ప్రయాణాల్లో పాల్గొంటున్న తెలుగువారూ ఉన్నారు. అందులో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేయాలి. పది గంటలు తొక్కితే, గంటకు 30 నుంచి 60 గ్రాముల చొప్పున 300 నుంచి 600 గ్రాముల పిండిపదార్థాలు దారిలోనే తినాలి. ఇంత తినడం కడుపుకు అలవాటు చేయాలి. కొత్త ఆహారాన్ని అసలు రోజున కాకుండా, ముందు వారాల్లో చిన్న ప్రయాణాల్లో పరీక్షించుకోవాలి.

ముందురోజు రాత్రే సిద్ధం చేసుకోవాల్సినవి

* మంచం పక్కన ఒక గ్లాసు నీళ్లు, సైకిలుకు తగిలించే నీళ్ల సీసా
* బయలుదేరే ముందు తినడానికి రెండు అరటిపండ్లు లేదా మూతపెట్టిన చద్దన్నం
* జేబులో పెట్టుకోవడానికి ఖర్జూరాలు, బెల్లం లేదా పల్లీపట్టీ
* మధుమేహులైతే గ్లూకోజు పొట్లం, మందుల చీటీ
* తిరిగి వచ్చాక అట్లకు నానబోసిన పెసలు

ఈ తయారీకి పట్టే సమయం పది నిమిషాలకు మించదు. సైకిలు చక్రాల్లో గాలి ఉందో లేదో రాత్రే చూసుకునేవారు, తమ కడుపు గురించి కూడా అదే సమయంలో ఆలోచిస్తే తెల్లవారి ప్రయాణం క్షేమంగా సాగుతుంది.